మూకుమ్మడి త్రిమూర్తులు గారు

త్రిమూర్తులు గారు ఏ పనీ విడిగా చేయరు. పోగయ్యాక అన్నీ కలిపి ఒకేసారి చేస్తారు. మలికిపురంలో ఆయన టైపు సెంటరులో పదకొండేళ్ళు పనిచేసినదాన్ని, ఒట్టేసి చెప్పగలను. అందరికీ దాహం వేసేదాకా ఒక్కరికీ టీ తెప్పించేవారు కాదు. ఏడాది పండగలన్నిటికీ శుభాకాంక్షలు జనవరి ఒకటినే చెప్పేసేవారు, క్రిస్మస్‌తో సహా.

2006లో కొత్త కంప్యూటరు కొన్నాం. పాత ఫైలు ఏది తెరిచినా తెలుగు బదులు పిచ్చి గీతలు. అక్షరాలన్నీ యూనికోడ్ అనే కొత్త పద్ధతిలోకి మారిస్తే తప్ప చదవలేం. సరిగ్గా అప్పుడే మార్తమ్మ టీచరుగారు వచ్చారు. చనిపోయిన ఆవిడ భర్త జ్ఞానప్రకాశం గారు రాసిన ముప్పై పాటల ఫైలు మా దగ్గరే ఉంది. అచ్చు కాపీలు వరదలో పోయాయి. ఆదివారం ఆయన జ్ఞాపకార్థ కూడికలో అవి పాడాలి.

"అదొక్కటీ మార్చి ఇప్పించండి" అన్నారావిడ.

"ఆయ్, మారుస్తానండి. కానీ అదొక్కటే మార్చనండి. నాలుగువేల ఫైళ్ళూ కలిపే మారుస్తానండి."

ఆవిడ ముఖం వాడిపోవడం చూసి నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. అరగంట పోట్లాడాను, గోడతో మాట్లాడినట్టే అయింది.

గురువారం బటను నొక్కాం. నాలుగువేల ఫైళ్ళూ ప్రశ్నార్థకాలైపోయాయి. శుభలేఖలో వరుడు ప్రశ్నార్థకం, వధువు ప్రశ్నార్థకం, ముహూర్తం ప్రశ్నార్థకం. కొబ్బరి వ్యాపారుల తీర్మానాలు మాత్రం మునుపటికన్నా స్పష్టంగా ఉన్నాయనిపించింది. అన్నిటికీ ఆయన ముందే నకళ్ళు తీసి ఉంచారు కాబట్టి బతికిపోయాం. శనివారం మధ్యాహ్నానికి అక్షరాలు దారికొచ్చాయి.

మార్తమ్మగారికి ముప్పై పాటలూ ఇచ్చి, త్రిమూర్తులు గారు ఇంకో కాగితం చేతిలో పెట్టారు. జ్ఞానప్రకాశం గారు భార్యకు తెలియకుండా టైపు చేయించిన పాట. పల్లవి నిండా ఆవిడ చేపల పులుసు, చరణం నిండా అందులో ఉప్పు.

"ఇదొకటుందని మీకు తెలీదు కదండీ, ఎలా అడుగుతారు? ఏ పేరుతో దాచేనో నాకూ గుర్తులేదండి. అన్నీ మార్చేక, పాటలో ఉన్న మీ పేరుతో వెతికితే దొరికిందండి. దొరక్కపోతే బాధపడతారని ముందు చెప్పలేదు."

అరగంట పోట్లాడినందుకు నాకు సిగ్గేసింది.

ఆవిడ రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, నవ్వేశారు. "ముప్పైరెండేళ్ళు తిన్నారండీ. ఉప్పెక్కువని ఒక్కరోజూ అనలేదు."

ఆదివారం ముప్పైఒక్క పాటలూ పాడారు. తర్వాత అందరికీ మార్తమ్మగారి చేపల పులుసుతో భోజనం పెట్టారు. అందులో ఉప్పన్నదే లేదు. ఒక్కరూ కిక్కురుమనలేదు.