ఖాళీ క్యాన్ల బేరం

గల్ఫ్‌లో, వెస్ట్ బేలోని మా ఆఫీసు క్లీనర్ నా కారులోని ఖాళీ నీళ్ల క్యాన్లు అడిగాడు. డోరు తీయగానే ఎండకు కాగిన ప్లాస్టిక్ వాసన. లేబర్ క్యాంప్ ఎదురుగా ఉండే మా నాన్న కొట్టు వాసన అది.

ఆ కొట్లో ఖాళీ క్యాన్లకు ఎనిమిదేళ్ల నేనే సేటుని. క్యాంప్‌లో ఉండే మల్లయ్య కాక శుక్రవారం శుక్రవారం రెండు క్యాన్లు అడిగేవాడు. ఎక్కడో అమ్ముకుంటున్నాడని నా అనుమానం. అందుకే వాళ్ల ఊరి సకినాలు పెడితేనే ఇచ్చేదాన్ని.

ఒక శుక్రవారం ఉత్త చేతులతో వచ్చాడు.

"సకినాలు ఒడిసినయ్ బిడ్డా. గీసారి ఊకనే ఇయ్యి."

"మాఫీ కాకా!" లేవని అరబ్బీలో చెప్పేశాను.

"అమ్మో, నీకంటే మా కంపెనీ సేటే నయం," అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

పై వారం ఆయన రూమ్మేట్ వచ్చి చెప్పాడు. మసీదు బయటి కూలర్ నుంచి మంచినీళ్లు తెచ్చుకోవడానికే ఆ క్యాన్లట. అవి లేక క్యాంప్ ట్యాంకు నీళ్లే తాగి, కాక ఆస్పత్రిలో పడ్డాడట. కోలుకోకముందే కంపెనీ ఆయన్ని ఊరికి పంపేసింది.

క్లీనర్‌కి బేరమాడకుండా అన్నీ ఇచ్చేశాను. ఉండేదెక్కడని అడిగితే అదే క్యాంప్ పేరు చెప్పాడు.

"ట్యాంకు నీళ్లు బాగుంటాయా?"

"తాగరు మేడమ్," అన్నాడు, నేను తెలియక అడిగాననుకుని.