ఎర్ర గుడ్డ కట్టిన విమానం

యాలాల్ శంకరప్ప వాయుసేనలో యుద్ధవిమానాల మెకానిక్‌గా పనిచేశాడు. చేసిన నౌకరీ అంతా ఒకే స్క్వాడ్రన్‌లో. ఆ విమానదళం వయసులో ఆయనకంటే పెద్దది. యుద్ధం చూసింది, పైలట్లను పోగొట్టుకుంది, చివరికి మిగ్ విమానాలు పాతబడ్డాయని దాన్నే మూసేశారు. జెండా మడిచి దాచి, విమానాలను తలా ఒక చోటికి పంపేశారు. ఆ వార్త విన్ననాడు శంకరప్పకు అన్నం సయించలేదు. "వేరుపడ్డ ఇంట్ల గిన్నెలు పంచినట్టు పంచిండ్రే," అని భార్య బీరమ్మ దగ్గర మొత్తుకున్నాడు.

ఆ పంపకంలో ఒక విమానం వికారాబాద్‌లోని ఓ ప్రైవేటు కాలేజీకి వచ్చింది. రిటైరై ఉంటున్న తాండూరులో బస్సెక్కి చూడబోతే, తోక మీద నంబరు ఆయన చేతుల మీదుగా నడిచిన విమానానిదే! మనిషికి కళ్లు చెమర్చాయి. కానీ ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. బండలు పరిచిన దిమ్మె మీద, ముక్కు ఆకాశానికి ఎత్తి నిలబెట్టారు. గాలి పీల్చే నోరు తెరిచే ఉంది, వెనక మంట చిమ్మే గొట్టమూ తెరిచే ఉంది. వాళ్ల స్క్వాడ్రన్‌లో ఇంజన్ చల్లబడగానే ప్రతి రంధ్రానికీ ఎర్ర మూత పడాల్సిందే. ఎరుపెందుకంటే, మళ్లీ ఎగిరేముందు తీయడం ఎవరూ మరిచిపోకూడదని. మూత వేయకుండా బ్యారక్‌కు వెళ్లినవాడిని తోటివాళ్లే బతకనిచ్చేవారు కాదు.

ఇంటికి ఎర్ర టార్పాలిన్ తెచ్చాడు. కందుల సంచులు కుట్టే దబ్బనంతో బీరమ్మే మూతలు కుట్టింది.

"గదేమన్న నీ బిడ్డనా, అత్తగారింటికి సారె మోస్తున్నవ్?"

"బిడ్డే అనుకో. దానికి ఇంకెవరున్నరే? ఇంటోళ్లందరు చెదిరిపోయిరి."

కాలేజీ వాచ్‌మన్ యాదగిరి మంచివాడు, నిచ్చెన ఇచ్చాడు. శంకరప్ప మూతలు బిగించి వచ్చి, వానాకాలమంతా నిశ్చింతగా పడుకున్నాడు.

దసరా వెళ్లాక మళ్లీ పోతే, గేటు దగ్గరే కాళ్లు ఆగిపోయాయి. మూతల్లేవు. చక్రాలకు పసుపు, దిమ్మె మీద కుంకుమ, చుట్టూ కొబ్బరి చిప్పలు. ఎర్ర గుడ్డ కట్టిన రాయి కనబడితే దండం పెట్టకుండా పోని మనవాళ్లు, ఎర్ర గుడ్డ కట్టిన ఇనుమును వదులుతారా! పరీక్షల పిల్లలు మొదలుపెడితే, పక్క బస్తీ ఆడవాళ్లు అందుకున్నారట.

"కాలేజీ ఓనర్ సారు మస్తు గరమైండు శంకరన్నా. కాలేజీల గుడి లేపుతున్నరని మూతలన్ని పీకేయించిండు. నిన్ను లోపటికి రానిస్తే నా నౌకరి పోతది," అన్నాడు యాదగిరి.

"గది గుడి కాదని నేను చెప్త. జర ఒక్కసారి కలవనీ."

అంతలో ఆ సారు కారే గేటులోంచి బయటికొచ్చింది. శంకరప్ప చేతులు జోడించి అడ్డం నిలబడి, వాననీళ్లు లోపల నిలిస్తే తుప్పు తినేస్తుందని చెప్పుకున్నాడు. అద్దం సగం దిగింది.

"ఎగరని విమానానికి మూతలెందుకయ్యా?"

ఎగిరే విమానం గురించి ఏమడిగినా శంకరప్ప చెప్పేవాడు. అద్దం పైకి లేచింది, కారు వెళ్లిపోయింది.

వాన మొదలైంది. తెరిచిన నోట్లోకి నీళ్లు నేరుగా పోతుంటే, గేటు ఊచలు పట్టుకుని ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యాదగిరి గొడుగు పట్టి, బస్సొచ్చింది పొమ్మన్నాడు. తాండూరు బస్సు ఆగి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది. శంకరప్ప కదల్లేదు. మూత వేయని విమానాన్ని వదిలి వెళ్లడం ఆయనకు ఎవరూ నేర్పలేదు.