ఇంజనాయిలు కోసం ఆర్పించిన కర్పూరం

మా చిన్నతనంలో, పొద్దున్నే నాన్న పికప్ వేను స్టార్టయితే ఇంటిల్లిపాదికీ మెలకువ వచ్చేసేది... గజపతినగరం పక్క పల్లె మాది. రైతుల వంకాయలు, బీరకాయలు ఎక్కించుకుని ఆ వేను విజయనగరం మార్కెట్టుకి వెళ్ళేది. బండి కొన్ననాటి నుంచీ డ్రైవరు సింహాచలమే.

వేను మా వాకిట్లోనే ఉండేది. దాని వెనకే అమ్మ బట్టలారేసే దండెం. బండి కదిలాక అమ్మ గొణిగేది... "ఉతికిన బట్టల మీద మళ్ళీ నల్ల సుక్కలు. ఏటండీ ఈ పొగ?"

"పాత బండికి పొగ రాకపోతే పన్నీరొస్తాదేటి?" అనేవాడు నాన్న. అమ్మ ఆ బట్టలు మళ్ళీ ఉతుక్కునేది.

ఆ ఏడు ఇంజన్లో ఆయిలు తగ్గడం మొదలైంది. పోసిన కొద్ది రోజులకే, ఆయిలు చూసే ఇనుప పుల్ల పొడిగా బయటికొచ్చేది.

సరిగ్గా అప్పుడే దిగాడు అమ్మ అన్నయ్య, మా పెద్దమావయ్య. బస్సు డిపోలో టికెట్ల గదిలో ఉద్యోగం. ఇంజను మూత ఎత్తగా ఆయన్ని ఎవరూ చూడలేదు. అయినా బండ్ల గురించి తనకి తెలియనిది లేదని ఆయన నమ్మకం. ఆయన నమ్మితే చాలు, నాన్న కూడా నమ్మేవాడు. ఇస్త్రీ పంచె కట్టుకున్నవాడు చెప్పిందే మా ఇంట్లో తెలివి...

మావయ్య బండి కింద వంగి చూశాడు. పేడతో అలికిన నేల. చుక్క పడినా మరక తెలిసిపోతుంది. మరక లేదు.

"నేల మీద సుక్క నేదు బావా. మరి ఆయిలు ఏటైనట్టు? రెక్కలొచ్చాయా?"

"ఏటైనట్టు బావా?"

"నీ డ్రైవరు డబ్బాలోకి దించి అమ్మేస్తన్నాడు."

"ఆ పొగ సంగతి ఓసారి సూడండి" అంది అమ్మ.

"ఇంజను సంగతి నీకేటి తెలుస్తాదే, టీ పెట్టు" అన్నాడు మావయ్య.

మర్నాడు పొద్దున వేను ముందు ఆకు మీద కర్పూరం వెలిగించారు. దొంగతనం నింద పడినవాడు మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యాలి. అబద్ధమైతే వంశం నాశనమని భయం. వెనక నిలబడి పొగ చూస్తే తేలే సంగతికి మా పెద్దలు దేవుణ్ణి పిలిచారు...

సింహాచలం చెప్పులు విప్పాడు. "ఆర్పితే నమ్ముతారా బాబూ?" అని నాన్ననే అడిగాడు. నాన్న మావయ్య వైపు చూశాడు.

"ముందు ఆర్పరా, తరవాత సూద్దాం" అన్నాడు మావయ్య.

"నాను సుక్క ఆయిలు తీసుంటే నా పిల్లలు నాకు దక్కరు." అరచెయ్యి పెట్టి ఆర్పేశాడు. బండెక్కి స్టార్ట్ చేశాడు.

మావయ్య అప్పటికే వేను వెనక్కి చేరాడు, డబ్బా ఎక్కడ దాచాడో వెతకడానికి. నీలం పొగ ఆయన్ని గుప్పుమని కప్పేసింది. పొగ చెదిరేసరికి తెల్ల పంచె నిండా నల్ల చుక్కలు. వేలితో రుద్ది వాసన చూశాడు. ఆయిలు! ఇంజనే కాల్చేసి పొగగొట్టంలోంచి కక్కుతోంది.

"నాను ముందే అనుకున్నాను బావా, ఇంజన్లో పిస్టను రింగులు పోయాయని" అన్నాడు, ఏమాత్రం సిగ్గు లేకుండా.

అమ్మ నవ్వింది. "నీ పంచె మీద పడ్డాక ఆయిలయ్యింది అన్నియ్యా. ఇన్నాళ్ళూ మా బట్టల మీద పడితే ఉత్త పొగే."

సింహాచలం ఇంజను ఆపి దిగాడు. తాళం బానెట్టు మీద పెట్టాడు. "ఇంకొకణ్ణి సూసుకోండి బాబూ."

"అదేట్రా? నిజం తేలిపోయింది గదా, ఎక్కు. లోడున్నాది" అన్నాడు నాన్న.

"ఇప్పుడు తేలింది బండి సంగతి. నా సంగతి మీరు నిన్ననే తేల్చేసారు."

వెళ్ళిపోయాడు. సాలూరులో లారీ నడుపుతున్నాడని తరవాత విన్నాం. మెకానిక్కు రింగులు మార్చాడు, బండి బాగుపడింది. డ్రైవర్లే ఎవరూ నిలవలేదు. సింహాచలం మాట వస్తే నాన్న "వాడికి పొగరెక్కువ" అనేవాడు. తప్పయిందనే మాట మా ఇంట్లో మగవాళ్ళకి నోరు తిరగదు...

ఇప్పటి బండ్లలో ఆయిలు తగ్గితే ఎర్ర దీపం వెలుగుతుంది. కర్పూరాలు ఎవరూ వెలిగించడం లేదు. మొన్న మా తమ్ముడు కారులో ఆ దీపం వెలిగిందని కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. రిటైరైన మావయ్య అందరికంటే ముందు అడిగాడు... "డ్రైవరెవడు?"

మీ ఇళ్ళలో కూడా ఇలా తాళం బండి మీద పెట్టేసి వెళ్ళిపోయినవాళ్ళుంటే కింద చెప్పండి... మావయ్యల గురించి వద్దు. వాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉంటారు.