బడికి తీసుకెళ్ళిన గీటురాయి

మా నాయన కడపలో బంగారు పని చేసేవాడు. ఆయన కుంపటి పక్కన కూర్చుని ఎక్కాలు రాసుకున్న నేను సోషల్ టీచరునై, డోన్ దాటాక పడమటి దిక్కున ఉన్న ఒక పల్లె హైస్కూలుకు వచ్చాను. తొమ్మిదో తరగతికి డబ్బు గురించిన పాఠం చెప్పాలి. మొదట ధాన్యమిచ్చి ఉప్పు తెచ్చుకోవడం, తర్వాత వెండి బంగారు నాణేలు, ఆ తర్వాత కాగితం నోట్లు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతుంటే పిల్లలు కిటికీలోంచి మేకల్ని చూస్తూ కూర్చున్నారు.

పుస్తకం మూసేసి, పర్సులోంచి ఒక నోటు తీసి పైకెత్తాను.

"ఈ కాగితం ముక్కకు అంగడాయన బియ్యం ఎందుకిస్తాడు?"

చివరి వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. అంతవరకు క్లాసులో ఆమె గొంతు నేను విన్నది లేదు.

"మా అవ్వ కాగితాన్ని నమ్మదు మేడం. జొన్నల గాదెలో దాచిపెట్టుకున్న నోట్లు చెల్లవన్నారంట. అప్పట్నించి నాలుగు దుడ్లు చేతికొస్తే వెండో బంగారమో కొనమంటాది."

పెద్ద నోట్లు రద్దయినప్పుడు ఆ ముసలామె కూతురి ఊళ్ళో మంచం పట్టి ఉందట. లేచి ఇల్లు చేరి గాదె తెరిచేసరికి మార్చుకునే గడువు దాటిపోయింది. ఆ అమ్మాయి కూర్చోగానే ఇంకొకరు లేచారు, తర్వాత ఇంకొకరు. ప్రతి ఇంట్లోనూ అలాంటిదేదో ఒకటి జరిగింది. గంట కొట్టినా పిల్లలు కదల్లేదు.

ఆ వారాంతం కడపకు పోయి నాయనను బంగారం గీకి చూసే గీటురాయి అడిగాను. చూపు తగ్గి ఆయన పని మానేశాడు. నల్లటి నున్నటి రాయినీ, చిన్న యాసిడ్ సీసానూ గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"పిల్లోల్లకు ఏం చూపిస్తావుమ్మా?"

"బంగారానికీ ఇత్తడికీ తేడా చూపిస్తా నాయనా."

"అట్లయితే ఇంకో మాట గూడా చెప్పు. అమ్మేవాడు మన చేతిలో పెట్టిన తునక గీకితే ఏం తెలుస్తాది? మూటలోంచి మనం ఏరుకున్న తునక గీకాల. మోసమంతా ఆడనే ఉంటాది."

సోమవారం కిటికీ దగ్గర బల్ల వేయించాను. నా బంగారు ఉంగరంతో రాయి మీద ఒక గీత గీశాను. పాత ఇత్తడి కొళాయి ముక్కతో పక్కనే మరో గీత. రెండూ పచ్చగానే మెరిశాయి. పిల్లల్ని వెనక్కి జరిపి రెండిటి మీదా యాసిడ్ చుక్కలు వేశాను. ఇత్తడి గీత నురగ కట్టి మాయమైంది. బంగారు గీత అలాగే ఉంది. తర్వాత నోటును వెలుతురుకు ఎత్తి, లోపలి బొమ్మనూ దారాన్నీ చూపించాను. కళ్ళు మూసుకుని ఉబ్బెత్తు గీతలు తడిమి చూడమన్నాను. ఒక్కొక్కరూ ముందుకొచ్చి తడిమి చూశారు.

"బంగారం విలువ ఆ లోహానికే ఇస్తారు. నోటు విలువ దాని మీదున్న మాటకు ఇస్తారు. ఇంత చెల్లిస్తామని రాసి సంతకం పెట్టారు, దాన్ని మనమందరం ఒప్పుకుంటున్నాం. అందుకే అది నడుస్తోంది."

"మాట తప్పితే మేడం?" అంది గాదె సంగతి చెప్పిన అమ్మాయి.

తేలికగా జవాబు చెప్పబుద్ధి కాలేదు. "మీ అవ్వకు నష్టం జరిగింది, అది నిజమే. నోటును దాచి ఊరుకోకూడదు, దాని సంగతి కనుక్కుంటూ ఉండాలి. బంగారానికైనా దొంగల భయం, కల్తీ భయం ఉంటాయి" అని, మా నాయన చెప్పిన మాట కూడా చెప్పాను. ఆ అమ్మాయి తలాడించింది. నమ్మిందో లేదో తెలియలేదు.

శెనక్కాయలు అమ్ముడుపోయిన రోజుల్లో ఒక ఉదయం ఆమె ప్రార్థనకు ముందే నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ నాయనకు సంతలో ఇద్దరు మనుషులు తగిలారట. శ్రీశైలం దారిలో పునాది తవ్వుతుంటే బంగారు బిళ్ళల కుండ దొరికిందనీ, పోలీసుల భయానికి అంగళ్ళలో అమ్మలేకపోతున్నామనీ చెప్పి, ఒక బిళ్ళ చేతిలో పెట్టారట. డోన్‌లో కంసాలికి చూపిస్తే అది మేలిమి బంగారమే. మిగతా బిళ్ళల కోసం ఇంట్లో పంట డబ్బంతా మూట కట్టి పెట్టారు.

"అవ్వే తొందర చేస్తాంది మేడం. మీరు ఒకసారి రావాల."

బడి వదలగానే ఆమె వెంట పోయాను. అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది. నేను వచ్చిన పని వినగానే ఆమె ముఖం ముడుచుకుంది.

"కాయితాలిచ్చి బంగారం తెచ్చుకునేదానికి ఆలోచన ఏంది తల్లీ? మళ్ళీ అవి చెల్లకపోతే?"

"చూసిన బిళ్ళ మంచిదే కద మేడం" అన్నాడు అమ్మాయి నాయన.

నేను నోరు తెరిచేలోపే అమ్మాయి మాట్లాడింది. "ఆ బిళ్ళ వాళ్ళిచ్చింది నాయనా. నువ్వు ఏరుకున్నది కాదు. వాళ్ళకు ఫోన్ చెయ్. బిళ్ళల సంచి డోన్‌కు తెమ్మను. నేను చెయ్యి పెట్టి తీసింది కంసాలాయనకు చూపిద్దాం."

"పెద్దోల్ల యవ్వారం నీకెందుకు?" అని ఆయన కసిరాడు. అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ అక్కణ్ణించి కదల్లేదు.

"అడిగి చూడన్నా. నిజమైన సరుకైతే వాళ్ళకొచ్చే నష్టమేముంది?" అన్నాను.

ఆయన ఫోన్ చేసి, అందరికీ వినపడేటట్టు పెట్టి, అమ్మాయి చెప్పినట్టే అడిగాడు. "నమ్మకం లేకుంటే వద్దులేప్పా" అన్నాడు అవతలివాడు. పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఫోన్ ఆపేసి ఉంది.

మరుసటి రోజు ఆయన కూతుర్ని వెంటబెట్టుకుని, ఆ ఒక్క బిళ్ళనూ పోలీస్ స్టేషన్‌లో అప్పగించి వచ్చాడు. వేరే ఊళ్ళో ఒక రైతు అలాగే కొన్నాడనీ, ఇంటికి పోయి చూసుకుంటే సంచి నిండా ఇత్తడేననీ అక్కడ విన్నారు.

అవ్వ కొద్దిరోజులు మనవరాలితో సరిగా మాట్లాడలేదట. తర్వాత ఒకనాడు తానే అడిగిందట, "పాపా, ఆ రాయి నాకు చూపిస్తావా?" అని. అంతటితో ఊరుకోక, తాను ఆదివారాలు పోయే చర్చిలో ఆడవాళ్ళందరికీ చెప్పింది. ఒక ఆదివారం ప్రార్థన అయిపోయాక చర్చి వసారాలో పాఠం పెట్టుకున్నాం. చర్చికి రాని ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. చెప్పింది ఆ అమ్మాయే. యాసిడ్ సీసా మాత్రం నా చేతిలో ఉంచుకున్నాను. నోటును వెలుతురుకు ఎట్లా ఎత్తాలో, నగ మీద హాల్‌మార్క్ ముద్ర ఎక్కడుంటుందో ఆమె తడబడకుండా చూపించింది. అవ్వ ముందు వరుసలో కూర్చుని, వెనకవాళ్ళను మాట్లాడొద్దని కసురుతూ ఉంది.

చివర్లో ఒకామె చెయ్యెత్తింది. "అంతా బాగుండాది పాపా. ఫోన్‌లో పంపే దుడ్లు యాడ ఉంటాయి?"

అమ్మాయి నా వైపు చూసింది. నాకూ సరిగా చెప్పడం రాలేదు. ఆమె మళ్ళీ వాళ్ళ వైపు తిరిగి, "నాకూ తెలీదు పెద్దమ్మా. బ్యాంకులో కనుక్కుని చెప్తా" అంది.

మరుసటి రోజు మధ్యాహ్నం బడిలో చెప్పి ఇద్దరం బస్సెక్కి బ్యాంకుకు పోయాం. అడగాల్సిన ప్రశ్నలు ఆమె దారి పొడుగునా ఒకటొకటిగా నాకు అప్పజెప్పింది.