హంపీ వద్దు, గ్వాలియర్ వద్దు

చరిత్ర ఉన్న ఊళ్ళంటే మోషే గారికి ప్రాణం. వాటిలో ఏ ఊరికి వెళ్ళాలో తేల్చుకోవడమంటే మాత్రం ప్రాణసంకటం. పొద్దున కాఫీ దగ్గర ఖాయమైన ఊరు మధ్యాహ్నం భోజనాల వేళకి రద్దయిపోయేది.

ఆయన రాయపూర్‌లో గూడ్సు బండి గార్డుగా ముప్పై రెండేళ్ళు చేసి రిటైరయ్యారు. డోంగర్‌గఢ్ నుంచి బిలాస్‌పూర్, బిలాస్‌పూర్ నుంచి డోంగర్‌గఢ్. బండి చివరి పెట్టెలో కూర్చుని, ఊళ్ళన్నీ వెనక్కి పోతుంటే చూడటమే గానీ, సరదాగా ఒక్క ఊళ్ళో దిగిన పాపాన పోలేదు. అందుకే రిటైరైన మర్నాడే తెలీబంధా బజారుకి వెళ్ళి, కాలేజీ పిల్లలు వీపుకి తగిలించుకునే పెద్ద సంచులు రెండు కొనుక్కొచ్చారు.

"హోటళ్ళూ టాక్సీలూ ఏం వద్దు కమలా. వీపున సంచి, కాళ్ళకి బూట్లు. అంతే!" అన్నారు.

ఆయన భార్య కమల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మేట్రన్‌ని బతిమాలి డిసెంబరులో పదిహేను రోజులు సెలవు పెట్టింది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి ఊరు చూడ్డానికి వెళ్ళడం ఇదే మొదలు. కాకపోతే వానాకాలం నుంచీ ఆమె కుడి మోకాలు సతాయిస్తోంది. ఆ సంగతి చెబితే ఈయన ప్రయాణం మానేస్తారని, బాత్రూంలో తలుపు వేసుకుని మందు రాసుకునేది. వాసనేమిటని అడిగితే, పక్కింటి రంగనాయకమ్మ గారి మీదకి తోసేసేది.

సెలవు మొదలైంది. మొదటి రోజు హంపీ.

"హంపీలో ఏముందే? రాళ్ళు. ముప్పై రెండేళ్ళు పట్టాల మధ్య రాళ్ళు చూసినోణ్ణి, మళ్ళీ టికెట్టు తీసుకుని వెళ్ళి చూడాలా?"

హంపీ పోయి గ్వాలియర్ వచ్చింది.

"కోట మరీ ఎత్తంట. ఆ గాలికి నాకు జలుబు చేస్తుంది."

తర్వాత బీజాపూర్. అదైతే ఒక పూటంతా నిలబడింది. సాయంత్రం ఆయన దిగులుగా వచ్చి కూర్చున్నారు.

"అక్కడి గుమ్మటంలో ఒక్క మాటంటే ఏడుసార్లు వినపడుద్దంట. నువ్వు ఒక్కసారి అంటేనే నేను తట్టుకోలేకపోతున్నాను కదే!"

రోజుకోసారి రిజర్వేషన్ కౌంటరుకి వెళ్ళడం, నిన్నటి టికెట్టు రద్దు చేయించి కొత్తది తీసుకోవడం. కౌంటరులో ఉండే శివాజీ ఆయన్ని దూరం నుంచి చూడగానే రెండు ఫారాలూ తీసి బల్ల మీద పెట్టేవాడు.

"గార్డ్ సాబ్, ఇవాళ కహాఁ?"

"చిత్తోడ్‌గఢ్. పక్కా!"

"ఠీక్ హై సాబ్. రద్దు ఫారం కూడా ఇప్పుడే నింపేసి వెళ్ళండి. రేపు మీకు లైను తప్పుతుంది."

ఆయన నవ్వలేదు. మర్నాడు లైనులో నిలబడ్డారు.

ఇంట్లో కూడా కుదురు లేదు. మేప్ పరిచి దాని చుట్టూ తిరిగేవారు. ఫోను తీసుకుని డాబా మీదకి వెళ్ళేవారు, అరగంటకి మొహం వేలాడేసుకుని దిగేవారు. కమల సంచులు సర్దడం, మఫ్లర్లు పెట్టడం, ఎండ ఊరని తెలిసి తీయడం. అయిదు రోజులు ఇట్టే పోయాయి.

ఆరో రోజు ఆమెకి ఓపిక అయిపోయింది. "సెలవంతా ఇట్లాగే ఖతం అయ్యేలా ఉంది. మీకు నాతో వెళ్ళడం ఇష్టం లేకపోతే చెప్పండి, రేపే డ్యూటీలో చేరిపోతాను!"

"ఛఛ, అదేం మాటే," అని మోషే గారు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళిపోయారు.

బల్ల మీద ఆయన ఫోను మోగింది. కమల తీసింది.

"సాబ్ ఉన్నారా? ఓర్ఛా నుంచి గైడ్‌ని. వారు లెక్కపెట్టమన్న మెట్లు లెక్కపెట్టాను. మహల్ పైకి వెళ్ళేవి నిటారుగా ఉన్నాయి, మేడమ్ ఎక్కలేరు. కానీ కింద అంగణం చదునుగా ఉంది, నీడలో కూర్చోవచ్చు. నది ఒడ్డుకి ఆటో వెళ్తుంది."

కమల గొంతు సవరించుకుంది. "మేడమ్‌కి ఏమైందట?"

అవతలి మనిషి జాగ్రత్తపడ్డాడు. "మీరు ఎవరు? మేడమ్‌కి చెప్పవద్దన్నారు."

"నేను మేడమ్ చెల్లెల్ని."

"అయితే సరే. ఆమెకి ఘుట్నేలో దర్ద్, మోకాలి నొప్పంట. పాపం ఎవరికీ చెప్పకుండా దాచుకుంటున్నారంట. సాబ్‌కి తెలిసిపోయిందని తెలిస్తే, తన వల్ల ఇబ్బంది ఎందుకని ఆమె రావడం మానేస్తారని ఆయన భయం. హంపీ, గ్వాలియర్, బీజాపూర్, అన్నిచోట్లా ఇలాగే అడిగారంట. ఇంత సతాయించే టూరిస్టుని నేను ఇప్పటివరకూ చూడలేదు దీదీ!"

కమల ఫోను పెట్టేసి కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ రంగనాయకమ్మ గారి మీదకి తోసిన వాసన ఎవరిదో ఈయనకి మొదటి రోజే తెలుసన్నమాట!

మోషే గారు తల తుడుచుకుంటూ వచ్చారు.

"ఓర్ఛా వెళ్దామండీ," అంది కమల.

"ఓర్ఛానా? అక్కడ..." అని ఆయన వంక కోసం వెతికారు. ఆమె ఏం తెలియనట్టు మొహం పెట్టి చూస్తోంది. "అక్కడ... ఏం లేదు. బాగానే ఉంటుందంట!"

మర్నాడు రైలెక్కారు. ఝాన్సీలో దిగి, ఆటోలో ఓర్ఛా చేరి, మహల్ లోపలికి వెళ్ళారు. విశాలమైన అంగణం, ఓ పక్కన ఇరుకుగా పైకి పోయే మెట్లు. మోషే గారు వాటివైపు ఒక చూపు చూసి, మోకాలు పట్టుకుని అరుగు మీద చతికిలబడ్డారు.

"అబ్బా! ఎందుకో మోకాలు లాగేస్తోంది కమలా. నేను ఎక్కలేను. ఇద్దరం ఇక్కడే కూర్చుందామే."

కమల ఎదురుగా నిలబడింది. "ఏ మోకాలు?"

"కుడిది."

"మరి ఎడమది పట్టుకున్నారే?"

ఆయన గబుక్కున చెయ్యి మార్చారు. కమల ముక్కుపుటాలు అదురుతున్నాయి, నవ్వు ఆపుకుంటోంది. సంచి జిప్పు లాగి లోపల చెయ్యి పెట్టింది.

"వాపుందేమో చూడాలి. సూదీ మందూ తెచ్చాను. ఇక్కడే ఇంజెక్షన్ చేసేస్తాను, అటు తిరగండి."

మోషే గారు లేచారు. అరవై ఏళ్ళ మనిషి మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ మాయమయ్యారు.

కమల సంచిలోంచి మందు ట్యూబు తీసి, అరుగు మీద కాలు చాపుకుని, నలుగురి ఎదుటా తీరిగ్గా రాసుకోవడం మొదలుపెట్టింది. పైనుంచి ఆయన గొంతు వినిపించింది.

"కమలా! నువ్వు రావద్దే! చాలా ఉన్నాయి మెట్లు!"

"తెలుసండీ!" అని ఆమె కిందనుంచి కేకేసింది.