మా అక్క ఏడ్చిన రెండు విమానాలు

మా అక్క వెర్నా పేరు ఏ పోస్టరు మీదా పడలేదు. అయితేనేం! హాలీవుడ్ పక్కనున్న బర్‌బ్యాంకులో మా వీధి వీధంతా ఆమెను ‘విమానం వెర్నా’ అనే పిలిచేది. పందొమ్మిదివందల యాభైల్లో తీసిన ఒక విమాన ప్రమాదం సినిమాలో, పైలట్లు స్పృహ తప్పారని తెలిసి కిటికీ పక్కన వెక్కి వెక్కి ఏడ్చే ప్రయాణికురాలు ఆమే. మాట ఒక్కటీ లేదు, ఏడుపొక్కటే. అది చూసి హాల్లో మగాళ్లు కూడా ముక్కులు చీదారు. నేను కళ్లారా చూశాను.

ఆ సినిమా వచ్చి ఇరవై ఏళ్లు దాటాక స్టూడియో నుంచి మళ్లీ కబురొచ్చింది. విమానంలో ప్రయాణికులు కావాలట, కోటు ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలట. గుంపులో కూర్చునే మాలాంటివాళ్లకు కథ ఎవడు చెబుతాడు? అక్క ఇస్త్రీ కోటు వేసుకుని బయల్దేరింది, వెనకాలే నేను.

చెక్క విమానాన్ని నలుగురు మనుషులు దుంగలు పెట్టి ఊపుతున్నారు. అచ్చం ఆ పాత సినిమాలోలాగే పైలట్లు స్పృహ తప్పారట, ఏడవమన్నారు. అక్క ఏడ్చింది. పక్క సీట్లో ఉన్న నాకే గుండె పిండేసినట్టయింది. అంతలో కెమెరా వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. వాణ్ణి చూసి దుంగలవాళ్లూ నవ్వారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"లేవే అక్కా, పోదాం పద! మన పాత సినిమాని వెక్కిరించడానికి పిలిచారు, వెధవలు!"

అక్క మొహం పాలిపోయింది. పాపం, నలుగురిలో గొప్పగా చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క ఏడుపే. తిన్నగా డైరెక్టరు దగ్గరికి నడిచింది. మా అబ్బాయంత వయసు కూడా లేదతనికి.

"ఏం బాబూ, నన్ను చూసి నవ్వుకోడానికా పిలిపించావు?"

అతను చటుక్కున లేచి నిలబడ్డాడు.

"అయ్యో, లేదమ్మా! ఆ సినిమా ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. మీ కోసం వెతికించింది నేనే. ఇది నవ్వుల సినిమాయే, కాదనను. కానీ ఇందులో ఎవరైనా నవ్వించాలని చూశారో, సినిమా చచ్చిందన్నమాటే. మీరు అప్పట్లాగే ఏడవాలి."

"నిజంగా?"

"నిజంగా."

అక్క వచ్చి సీట్లో కూర్చుంది.

"సిగ్గులేదుటే నీకు?" అన్నాను.

"నోర్ముయ్. నన్ను ఏడవనీ" అంది.

సినిమా వచ్చింది. తెర మీద అక్క మొహం పడగానే హాలంతా గొల్లున నవ్వింది. ముందు వరసలో ఒకడు కుర్చీలోంచి జారిపోయాడు. ఏమైపోతుందోనని భయపడి అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆవిడగారు మహారాణిలా నిటారుగా కూర్చుని ఉంది.

"చూశావుటే!" అంది నా చెవిలో. "అప్పుడు ఏడిపించిందీ ఈ ఏడుపే, ఇప్పుడు నవ్విస్తోందీ ఈ ఏడుపే. ఒక్క చుక్క గ్లిజరిన్ లేదు."