ఖాళీగా ఉంచిన లైను

మా పెద్ద ఆపరేటరుగారు మొన్న ఆదివారం పోయారు. రిటైరయ్యాక అనకాపల్లిలో ఉండేవారు. ఆ కబురు నేను టెలిఫోన్ బోర్డు ముందు ఉండగానే వచ్చింది. అలవాటుగా "నంబరు ప్లీజ్" అన్నాను. అవతల అనకాపల్లి ఆపరేటరు, "ఒసే, మీ గురువుగారు పోయేరే" అంది.

చోడవరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నాకు పని నేర్పింది ఆయనే. మాకు బయటి ఊళ్ళకి ఉన్నవి మూడే లైన్లు. రెండు అనకాపల్లికి, ఒకటి నర్సీపట్నానికి. చెరకు గానుగలు ఆడే రోజులొస్తే బెల్లం వర్తకులు తెల్లారింది మొదలు ప్రాణం తోడేసేవారు. ఎంత రద్దీ ఉన్నా ఆ మూడో లైను మాత్రం ఆయన ఇచ్చేవారు కాదు. "ఊరికే ఉందనుకోకమ్మా. మనకి తెలీనోడి కోసం కాసుక్కూసుంది" అనేవారు. నాకది చాదస్తంలా తోచేది.

ఆరేళ్ళ నాటి మాట. ఒక మధ్యాహ్నం ఆయన పక్కగదిలో భోజనానికి కూర్చున్నారు. నర్సీపట్నం కావాలని ఒక వర్తకుడు ఒకటే బతిమాలితే, పోనీలే అని ఆ లైను ఇచ్చేశాను. ఇంతలో గాలివానకి అనకాపల్లి దారిలో స్తంభాలు ఒరిగి, రెండు లైన్లూ మూగబోయాయి. అప్పుడే, మా ఎక్స్ఛేంజి కిందే ఉన్న దేవరాపల్లి పోస్టాఫీసు ఫోను నుంచి ఒకతను. "అమ్మా, మా ఇంటిదానికి పురుడయ్యింది, రగతం ఆగట్నేదు. అనకాపల్లి డాక్టరమ్మకి సెప్పండమ్మా!"

నా కేకకి ఆయన ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చారు. "బాబూ, బెల్లం బేరం రేపూ ఉంటాది" అని వర్తకుడి మాట మధ్యలోనే లైను తీసేశారు. నర్సీపట్నం, అక్కణ్ణుంచి తుని, తుని నుంచి అనకాపల్లి. అంత చుట్టు తిరిగితే గొంతు వినపడదు. అందుకని ఆ కబురు ఒక ఆపరేటరు విని ఇంకొకరికి అప్పజెప్పారు. జీపు బయల్దేరిందన్న జవాబు అదే దారిన తిరిగొచ్చేదాకా ఆయన కూర్చోలేదు. ఆ మాట దేవరాపల్లి అతనికి ఫోన్లో తనే చెప్పారు. తల్లీ బిడ్డా దక్కారు.

నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆయన తిట్టలేదు. "ఏడవకమ్మా. నా అన్నం అలాగే ఉంది, నువ్వు బోర్డు సూస్కో" అని నన్నే మళ్ళీ అక్కడ కూర్చోబెట్టి వెళ్ళారు. నేను ఈ ఉద్యోగంలో నిలబడ్డది ఆ మాటతోనే.

ఎవరు చెప్పారో, ఆ దేవరాపల్లి అతను ఆరేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని అంత్యక్రియలకి వచ్చాడు. ఈయన్ని ఎప్పుడూ చూసి ఎరగడు. పాడె పక్కన నిలబడి, "ఆవేళ మాటాడిన గొంతు ఈ బాబుదేనా అమ్మా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ గుంటపిల్లని పైకెత్తి, ఆ మొహం బాగా చూడమన్నాడు.